నలుపు తెలుపు హాలీవుడ్‌లోకి ఎట్టా దిగాలంటే

మా మేనమామ కొడుకు ఒంగోల్లో ఉంటాడు. పోయిన సంక్రాంతికి నెల్లూరు వచ్చినప్పుడు, బావా నువ్వు ఆ పాత ఇంగ్లీషు సినిమాలు చూస్తుంటావు కదా, నాకూ చూడాలనుంది, ఒక లిస్టు రాసియ్యి అన్నాడు. కూర్చుని యాభై సినిమాలు రాసిచ్చా, సంవత్సరాలతో సహా. వారం తర్వాత ఫోన్ చేస్తే, మొదటిది ఇరవై నిమిషాలు చూసి ఆపేశా బావా, ఎవరు ఎవరో అర్థం కాలా అన్నాడు. నిజం చెప్పాలంటే వాడి తప్పేం లేదు, అట్టా లిస్టు చేతిలో పెట్టడమే తప్పు.

మనకి పాత తెలుగు సినిమాలు ఎట్టా అలవాటయ్యాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎవరూ లిస్టు ఇయ్యలేదు. ఇంట్లో ఎవరికో సావిత్రి అంటే ప్రాణం, టీవీలో మిస్సమ్మ వస్తే చూశాం, ఈమె భలే ఉందే అనుకున్నాం, తర్వాత మాయాబజార్ వస్తే ఓ ఆమే కదా అని కూర్చున్నాం, అట్టా అట్టా పక్కనున్న రేలంగి, రమణారెడ్డి, సూర్యకాంతం అందరూ ఇంట్లో మనుషులైపోయారు. హాలీవుడ్‌కి కూడా ఇదే దారి. ఒక మనిషిని పట్టుకోండి, ఆ మనిషివి వరసగా మూడు సినిమాలు చూడండి, అంతే. మూడోది అయ్యేసరికి పక్కన వేషాలేసే వాళ్ల మొహాలు కూడా గుర్తుపడతారు.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందంటే ఆ కాలంలో సినిమా తీసే తీరే అట్టాంటిది. 1927లో మాటల సినిమా మొదలైన దగ్గర్నుంచి అటూ ఇటూగా 1960 దాకా అనుకోండి, ఎంజీఎం, పారామౌంట్, వార్నర్ బ్రదర్స్, ఫాక్స్, ఆర్కేఓ అని ఐదు పెద్ద స్టూడియోలు. హీరో, హీరోయిన్, కెమెరామెన్, రచయిత, బట్టలు కుట్టే వాళ్లు అందరూ కాంట్రాక్టు మీద ఒకే కాంపౌండులో జీతగాళ్లు. మన మద్రాసులో విజయా వాహినీ లాగే, ఎన్టీఆర్ కూడా మొదట్లో విజయా వాళ్ల దగ్గర నెలజీతం మీద చేసిన మనిషే కదా. అందుకే ఒక్కొక్కరు ఏడాదికి మూడు నాలుగు సినిమాలు చేసేవాళ్లు, అవే మొహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఇచ్చిన వేషం వద్దంటే సస్పెండ్ చేసి, ఆ సస్పెండ్ అయిన రోజులన్నీ కాంట్రాక్టు చివర కలిపేవాళ్లు. ఒలీవియా డి హావిలాండ్ అనే హీరోయిన్ దీని మీద వార్నర్ వాళ్లని కోర్టుకి లాగి గెలిచింది, కాంట్రాక్టు ఏడేళ్లకి మించకూడదు, ఏడేళ్లు అంటే క్యాలెండర్లో ఏడేళ్లే అని కాలిఫోర్నియా కోర్టు తేల్చింది, ఇప్పటికీ ఆ చట్టాన్ని ఆమె పేరుతోనే పిలుస్తారు. ఆమె 104 ఏళ్లు బతికి 2020లో పోయింది.

సినిమా పెట్టే ముందు టీవీ సంగతి చూసుకోండి, ఇది చిన్న విషయం అనుకోవద్దు. మా ఇంట్లో టీవీ బిగించడానికి వచ్చినబ్బాయి స్క్రీన్ నిండా బొమ్మ రావాలని సాగదీసి పెట్టి పోయాడు, నేను చూసుకోలా, ఆర్నెల్లు హంఫ్రీ బోగార్ట్ అనే హీరోని ఉబ్బిన మొహంతో చూశా. 1953కి ముందు తీసిన సినిమాలు దాదాపు చదరంగా ఉంటాయి, మన పాత టీవీ ఆకారం, కాబట్టి కొత్త టీవీలో అటూ ఇటూ నల్ల పట్టీలు రావాలి, వస్తేనే కరెక్టు. టీవీల దెబ్బకి జనం థియేటర్లకి రావడం తగ్గాక, వాళ్లని లాగడానికి 1953లో సినిమాస్కోప్ అని వెడల్పు తెర తెచ్చారు, ఆ తర్వాతే బొమ్మ పొడుగైంది. రెండోది మోషన్ స్మూతింగ్, అంటే టీవీ తనే మధ్యలో బొమ్మలు చేర్చి కదలికని నున్నగా చేయడం, సెట్టింగ్స్‌లోకి పోయి ఆపేయండి, లేకపోతే ఏ సినిమా అయినా సీరియల్ లాగా జారిపోతుంటుంది. మూడోది, రంగులేసిన వెర్షన్ కనపడితే దాటేయండి. నలుపు తెలుపు కోసమే లైటు పెట్టి తీసిన బొమ్మ అది, మాయాబజార్‌కి కెమెరామెన్ మార్కస్ బార్‌ట్లే తీసిన వెన్నెల తలుచుకోండి, దానికి రంగు ఏం అవసరం?

ఇంక ఎవరితో మొదలుపెట్టాలి అంటే, ఇంగ్లీషు సినిమాలు పెద్దగా అలవాటు లేని వాళ్లకి నేను జేమ్స్ స్టీవర్ట్ అని చెప్తా. సన్నగా పొడుగ్గా ఉంటాడు, నిదానంగా సాగదీసి మాట్లాడతాడు, మాట కోసం తడుముకుంటాడు, కాబట్టి మనకి అందుతుంది. హిచ్‌కాక్ తీసిన రేర్ విండో, 1954, దాంతో మొదలుపెట్టండి, ఇది మాత్రం మొదట్నుంచీ రంగుల్లో తీసిందే. కాలు విరిగి ఇంట్లో కూర్చున్న ఫోటోగ్రాఫర్, ఏం తోచక ఎదురు ఫ్లాట్ల కిటికీల్లోకి చూస్తుంటాడు, ఒక ఇంట్లో ఏదో తేడాగా అనిపిస్తుంది. మా నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్ బాల్కనీలో సాయంత్రం పూట నిలబడే వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సగం కథ మాట లేకుండా కళ్లతోనే నడుస్తుంది. ఆ వాకిలి, ఆ ఇళ్లు మొత్తం పారామౌంట్ స్టూడియోలో వేసిన సెట్టు. హీరోయిన్ గ్రేస్ కెల్లీ రెండేళ్లకే మొనాకో యువరాజుని చేసుకుని సినిమాలు మానేసింది. తర్వాత ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్, 1946, యుద్ధంలో బాంబర్ విమానాలు నడిపి తిరిగొచ్చాక స్టీవర్ట్ చేసిన మొదటి సినిమా. ఊరు దాటి పోవాలని కలలు కని, ఇంటి బాధ్యతలతో అదే ఊళ్లో ఉండిపోయిన మనిషి కథ. మన జిల్లాల్లో ఈ కథ లేని ఇల్లుందా? కావలిలో, కందుకూరులో, దర్శిలో ఎంతమంది అన్నలు తమ్ముళ్ల చదువుల కోసం ఆగిపోయారో మనకి తెలీదా. విడుదలైనప్పుడు సరిగా ఆడలేదు ఆ సినిమా, తర్వాత కాపీరైట్ రెన్యూ చేయడం మర్చిపోయారు, దాంతో టీవీ వాళ్లు ప్రతి క్రిస్మస్‌కీ వేసి వేసి జనానికి ప్రాణం చేసేశారు.

అందరికీ ముందుగా గుర్తొచ్చే పేరు ఆడ్రీ హెప్‌బర్న్. రోమన్ హాలిడే, 1953, ఆమెకి మొదటి పెద్ద వేషం, దానికే ఆస్కార్ వచ్చింది. పక్కన గ్రెగరీ పెక్ అప్పటికే పెద్ద హీరో, అయినా ఈ అమ్మాయి పేరు కూడా నా పేరు పక్కన పెద్దగా వెయ్యండి అని తనే అడిగాడు. రోమ్‌లో ఒక రాతి మొహం ఉంటుంది, అబద్ధం చెప్పేవాడు దాని నోట్లో చెయ్యి పెడితే కొరికేస్తుందని నమ్మకం, పెక్ చెయ్యి పెట్టి బయటికి తీసేసరికి చొక్కా చేతిలో చెయ్యి కనపడదు, ఆమె కెవ్వుమంటుంది. ఆ ట్రిక్కు ఆమెకి ముందు చెప్పలేదు, ఆ అరుపు నిజం అరుపు. ఆమె గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను ఇక్కడితో ఆపేస్తా.

నేను ఆపకుండా చెప్పేది బార్బరా స్టాన్‌విక్ గురించి. మన భానుమతి గారు ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన మనిషి కదా, తెర మీద ఎంత పెద్ద హీరో ఎదురుగా ఉన్నా తగ్గకుండా కళ్లల్లోకి చూసి మాట్లాడతారు చూడండి, అదే నాకు స్టాన్‌విక్‌లో కనపడింది. 1907లో బ్రూక్లిన్‌లో పుట్టింది, చిన్నప్పుడే తల్లి పోయింది, తండ్రి వదిలేసి పోయాడు, పదిహేనేళ్లు దాటీ దాటకముందే స్టేజీ మీద డ్యాన్సులేసి బతికింది. నాలుగుసార్లు నామినేట్ అయినా పోటీలో ఆస్కార్ ఇయ్యలేదు, 1982లో గౌరవ ఆస్కార్ ఇచ్చి సరిపెట్టారు, నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ముందు ది లేడీ ఈవ్, 1941, చూడండి. ఓడలో పేకాట మోసాలు చేసే అమ్మాయి ఆమె, బాగా డబ్బున్న అమాయకుడు హెన్రీ ఫోండా. భోజనాల హాల్లో వాడు ఒక్కడే కూర్చుని పుస్తకం చదువుకుంటుంటే, ఈమె వాడికి వీపు పెట్టి కూర్చుని, చేతిలో పౌడర్ డబ్బా అద్దంలోంచి వెనక జరిగేదంతా చూస్తూ, వాడిని పడేయాలని ఏ అమ్మాయి ఎట్టా తిప్పలు పడుతుందో క్రికెట్ కామెంటరీ లాగా చెప్తుంటుంది. చివర్లో వాడు లేచి పోతుంటే కాలు అడ్డం పెట్టి పడేస్తుంది. తర్వాత అదే మనిషి వేరే పేరుతో వాడింటికి విందుకొస్తే వాడు గుర్తుపట్టడు, ఒక పుట్టుమచ్చ పెట్టుకుంటే ఎన్టీఆర్‌ని ఎవరూ గుర్తుపట్టని సినిమాలు చూసి పెరిగినోళ్లం, మనకి అదేం ఇబ్బంది కాదు.

తర్వాత డబుల్ ఇండెమ్నిటీ, 1944, బిల్లీ వైల్డర్ డైరెక్షన్. మొగుడికి తెలీకుండా ఇన్సూరెన్స్ చేయించి ఏజెంటుతో కలిసి చంపించే భార్య. ఏజెంటు మొదట్లోనే నేనే చంపాను అని చెప్పేస్తాడు, అయినా చివరిదాకా కదలనియ్యదు. హత్య కారులో జరుగుతుంది, కానీ మనకి చూపించరు, కెమెరా డ్రైవింగ్ చేస్తున్న ఆమె మొహం మీదే ఉంటుంది. కళ్లు రోడ్డు మీద ఉంటాయి, పెదాల దగ్గర కొంచెం ఏదో కదులుతుంది, అంతే. ఆ నాలుగు క్షణాలు నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో.

అట్టా చూపించకపోవడానికి ఒక కారణం ఉంది, ఇది తెలిస్తే ఈ సినిమాలు రెండింతలు అర్థమవుతాయి. 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్ అని ఒక నియమావళి, 1968 దాకా ఉంది. తప్పు చేసినోడు చివర్లో శిక్ష పడకుండా తప్పించుకోకూడదు, మొగుడూ పెళ్లాలకి కూడా వేరువేరు మంచాలే, ముద్దు ఎక్కువసేపు ఉండకూడదు. నొటోరియస్ సినిమాలో హిచ్‌కాక్ ఏం చేశాడంటే, మూడు క్షణాలకోసారి ముద్దు ఆపి మాట్లాడించి, ఫోన్ చేయించి, మళ్లీ ముద్దు పెట్టించి, మొత్తం రెండున్నర నిమిషాలు లాగాడు. మన సినిమాల్లో రెండు పువ్వులు ఆనించి చూపించినట్టే వాళ్లూ దీపం ఆర్పడం, సిగరెట్ వెలిగించడం, తలుపు మూసుకోవడం ఇట్టాంటి వాటితో చెప్పేవాళ్లు. కాబట్టి కెమెరా పక్కకి తిరిగినప్పుడు మీరు తిరగమాకండి.

మాటలు అందకపోతే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గేం లేదు, నేను ఇప్పటికీ పెట్టుకుంటా. హిజ్ గర్ల్ ఫ్రైడే, 1940, లాంటివి మొదట్లో ముట్టుకోవద్దు, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు, పది సినిమాలు అయ్యాక చూస్తే మాత్రం పండగే. అది రెన్యూ చేయక కాపీరైట్ పోయిన సినిమా, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్లో ఉచితంగా చూడొచ్చు, తప్పు కాదు. ఆడ్రీ హెప్‌బర్న్, కేరీ గ్రాంట్ చేసిన షరేడ్, 1963, కూడా అంతే, కాపీరైట్ నోటీసు సరిగా వెయ్యక హక్కులు పోయాయి. ఉచిత ప్రింట్లలో చాలా చెత్తవి ఉంటాయి, రెండు మూడు తెరిచి హీరోయిన్ జుట్టు పోగులు విడివిడిగా కనపడే ప్రింటు ఎంచుకోండి.

ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఉంటే చాప్లిన్ సిటీ లైట్స్ పెట్టండి, 1931. మాటలొచ్చి నాలుగేళ్లయినా ఆయన మాటల్లేకుండానే తీశాడు, సంగీతం కూడా ఆయనదే. రోహిణి కార్తె ఎండలకి తలుపులన్నీ వేసి కూలర్ పెట్టుకుని కావలిలో అమ్మమ్మ వాళ్లింట్లో పెట్టా. అమ్మమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ ఒక కన్నేసి చూస్తోంది. చూపు లేని పూలమ్మాయి, ఈ బికారిని డబ్బున్నోడు అనుకుంటుంది, ఈయన ఆపరేషన్‌కి డబ్బులిచ్చి జైలుకి పోతాడు. చివర్లో చూపొచ్చిన ఆ అమ్మాయి, ఎవరో పేదోడు అని జాలిపడి చేతిలో రూపాయి పెడుతుంది, ఆ చెయ్యి తడమగానే ఆగిపోతుంది. ఇంకా తెర మీద అక్షరాలు రాకముందే, చిక్కుడుకాయ అట్టానే పట్టుకుని, చెయ్యి పట్టుకోంగానే తెలిసిపోయిందిరా దానికి అంది అమ్మమ్మ.

ఇంకోటి, ఈ సినిమాల్లో మనసు కష్టపెట్టేవి కూడా ఉంటాయి, దాచక్కర్లేదు. గాన్ విత్ ద విండ్, 1939, నాలుగు గంటలకి దగ్గర, బానిసత్వాన్ని తీపిగా చూపించిన సినిమా. అందులో చేసిన హ్యాటీ మెక్‌డేనియల్ ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి మనిషి, అయినా ఆ రాత్రి ఆమెని మిగతా నటులతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు, అంతకుముందు అట్లాంటాలో జరిగిన ప్రీమియర్‌కి పోనియ్యలేదు. ఆ సినిమా చూస్తే ఆమెని చూడండి, ఆమె వచ్చిన ప్రతి సీనూ.

మావాడికి ఉగాదికి ఆ లిస్టు చించేయమని చెప్పి లేడీ ఈవ్ ఒక్కటే పంపించా. రాత్రి పదకొండున్నరకి ఫోన్, బావా ఆ అద్దం సీను రెండుసార్లు చూశా, ఈమెవి ఇంకేం ఉండాయి అని. డబుల్ ఇండెమ్నిటీ పెట్టుకో, ఒక్కడివే చూడు, లైట్లు ఆపేసి చూడు అని చెప్పా.