బండ కట్టే ముందు రోజు సాయంత్రం

శివరాత్రి దాటిందంటే మా కర్నూలు పల్లెల్లో గోడల మీద పోస్టర్లు పడతాయి. పెద్దగా ఒంగోలు గిత్తల ఫొటో, కింద మొదటి బహుమతి నుంచి ఆఖరి బహుమతి దాకా దాతల పేర్లు. ఉగాది, శ్రీరామనవమి, ఊరి తిరునాళ్లు అంటూ ఎండాకాలం పొడుగునా బండలాగుడు పోటీలు, అంటే గిత్తల జతకు పెద్ద రాతి బండ కట్టి లాగించే పోటీలు, నడుస్తూనే ఉంటాయి. ఏరువాక పున్నమి వస్తే పడమటి పల్లెల్లో ఎద్దుల పరుగు పందేలు. ఎన్ని నిమిషాలు లాగాలి, ఏ పళ్ల విభాగం (గిత్త వయసును పళ్లతోనే లెక్కిస్తారు), ఎంట్రీ ఫీజు ఎంత, భోజనాలు ఎక్కడ, అన్నీ పోస్టర్‌లో ఉంటాయి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేస్తారన్నది మాత్రం ఏ పోస్టర్‌లోనూ నేను చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పత్తికొండ దగ్గర పల్లె. తాత కాలం నుంచి ఇంట్లో పందెపు ఎద్దులున్నాయి. మా చిన్నాయనకు కుడిచేతి చివరి రెండు వేళ్లు లేవు. చూసినవాళ్లు ఎద్దు తొక్కిందేమో అనుకుంటారు. కాదు. పగ్గం జారిపోతోందని రెండు చుట్లు వేళ్లకు చుట్టుకున్నాడు. ఎడమ గిత్త ఒక్కసారిగా ముందుకు దూకింది. అంతే. నేను కళ్లారా చూసిన ప్రమాదాలన్నీ తలచుకుంటే, గిత్త కావాలని మనిషి మీదికి వచ్చినవి చాలా తక్కువ. తాడు వల్లనో, గొలుసు వల్లనో, మనిషి నిలబడకూడని చోట నిలబడడం వల్లనో జరిగినవే ఎక్కువ. వాటిలో చాలావాటిని ముందు రోజు సాయంత్రమే చూసుకోవచ్చు.

వెలుతురు ఉండగానే మోకు మొత్తం విప్పండి. గజం గజం చేతిలోకి తీసుకుని, పురి కొద్దిగా తిప్పి లోపల చూడండి. పైకి గట్టిగా కనిపించే మోకు లోపల పొడి పొడిగా ఉండొచ్చు, ముఖ్యంగా పోయిన వానాకాలంలో తడిసి కొట్టంలో ఓ మూలన పడి ఉన్నది. నైలాన్ మోకు సంగతి వేరు. అది తెగే ముందు బాగా సాగుతుంది, తెగాక కొరడా లాగా వెనక్కి కొడుతుంది. గొలుసైతే ఒక్కో లంకె తడిమి చూడండి. అరిగి సన్నబడినది ఒక్కటి ఉన్నా ఆ గొలుసు పక్కన పడేయాల్సిందే. కొక్కెం నోరు తెరుచుకుని ఉంటే సుత్తితో కొట్టి సరిచేసి వాడతారు చాలామంది. అలా వంచిన ఇనుము అక్కడే విరుగుతుంది. కొత్తది వందల్లో వస్తుంది, దయచేసి కొత్తది కొనండి. మా పక్క ఊళ్లో కొక్కెం విరిగి గొలుసు కొస ఎగిరి, బండ పక్కన నడుస్తున్న పిల్లవాడి మోకాలి చిప్పను పగలగొట్టింది. వాడు ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. అప్పటి నుంచి మా జత లాగుతున్నప్పుడు బండకూ కాడికీ మధ్య ఎవరినీ నడవనివ్వం, గొలుసుకు పక్కగా దగ్గరగా కూడా రానివ్వం.

కాడిమాను పగుళ్లు చూడండి. మెడ ఆనే చోట చేత్తో రుద్దితే పేడు గుచ్చుకోకూడదు. మెడ కింద కట్టే తాళ్లు ఒక్క కొస లాగితే విడిపోయే ముడితోనే వేయండి. గిత్త పడిపోయినప్పుడు ఆ తాడే దాని గొంతుకు ఉరి అవుతుంది, గట్టి ముడి అయితే ఆ తొందరలో ఎవరి చేతా ఊడదు. అందుకని జతతో నడిచేవాళ్లలో ఒకరి దగ్గర పదునైన కొడవలి ఉండాలి. పడిన గిత్త దగ్గరికి కాళ్ల వైపు నుంచి పోవద్దు. వీపు వైపు నుంచి పోయి, ముందు మెడతాడు కోసి, ఆ తర్వాతే మిగతా సంగతి.

లాడాలు కొట్టించడం కనీసం వారం ముందే ముగించుకోవాలి. ముందు రోజు కొట్టిస్తే, మేకు కొంచెం లోతుగా దిగినా ఆ సంగతి బరిలోనే తెలుస్తుంది.

తోలేవాళ్లకు నాలుగు మాటలు. పగ్గం అరచేతిలో పట్టుకోండి, చుట్టుకోవద్దు. ఉంగరాలు, చేతి కడియాలు, వాచీ ఇంట్లో పెట్టి రండి. తాడు ఉంగరానికి తగులుకుంటే వేలి చర్మం మొత్తం ఊడి వస్తుంది. మెడలో టవల్, జారే పంచె వద్దు. చెప్పులతో బరిలోకి దిగొద్దు, బిగించి కట్టుకునే బూట్లు వేసుకోండి. తాగి వచ్చినవాణ్ణి, వాడు ఎంత దగ్గరివాడైనా సరే, జత పక్కకు రానివ్వొద్దు. గిత్తలకు మందు పట్టించేవాళ్లు కూడా ఉన్నారు. అలసట తెలియని పశువు ఆగాల్సిన చోట ఆగదు, గుండె ఆగి పడిపోతుంది.

ఇక బరి. మా పడమటి మండలాల్లో చాలాచోట్ల నల్లరేగడి. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లిస్తారు. కొంచెం ఎక్కువైతే రేగడి సబ్బులా జారుతుంది, పూర్తి బిగువులో ఉన్న గిత్త ముందుకాళ్లు మడిచి పడుతుంది. నీళ్లు ముందు రాత్రే పలుచగా చల్లించండి, పొద్దున ఒక మనిషి బరి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒట్టి కాళ్లతో నడిచి చూడాలి. రాళ్లు, సీసా పెంకులు అప్పుడే కాలికి తెలుస్తాయి. పరుగు పందెం దారి పక్కన గట్టు లేని బావి ఉంటే ఆ దారినే మార్చండి. ముళ్ల కంప వేసి మూసేశాం అంటారు, పరుగులో ఉన్న ఎద్దుకు కంప కనిపించదు. మైకు సెట్టు వైర్లు బరి అడ్డంగా నేల మీద పోకూడదు.

గీత దాటాక ఎంత స్థలం ఉందో చూసేవాళ్లు తక్కువ. పరుగు పందెంలో ఎద్దులు గీత దగ్గర ఆగవు. జనం మాత్రం సరిగ్గా అక్కడే, ఎవరు ముందు వచ్చారో చూడాలని ఎదురుగా గుంపు కడతారు. గీత తర్వాత కనీసం వంద గజాలు ఖాళీగా ఉండాలని నా అనుభవం. రెండు వైపులా గట్టి గుంజలు పాతి కట్టెలు కట్టండి. ఒట్టి తాడు కడితే పిల్లలు కిందినుంచి దూరతారు. ట్రాక్టర్ ట్రాలీల మీద యాభై మంది ఎక్కి ఒకవైపు ఒరిగితే ట్రాలీ తిరగబడుతుంది. రేకుల కప్పు మీదికి ఎవర్నీ ఎక్కనివ్వకండి. ఈమధ్య ఫోన్ పట్టుకుని వెనక్కి నడుస్తూ గిత్తలకు ఎదురుగా వీడియో తీసే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల కళ్లు స్క్రీన్ మీద ఉంటాయి, వెనక ఏముందో తెలియదు. మైకులో చెప్తే వినరు, వలంటీర్లు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురావాల్సిందే. డ్రోన్ కిందికి దించి ఎగరేయడం, జత గీత మీద ఉండగా టపాసులు కాల్చడం పూర్తిగా మానాలి.

ఎండ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మార్చి ఆఖరుకే మన దగ్గర 40 డిగ్రీలు దాటే రోజులు వస్తాయి. జంతువుల పట్ల క్రూరత్వాన్ని అరికట్టే 1960 చట్టం కింద, బరువు లాగే పశువులకు 1965లో ప్రత్యేకంగా నియమాలు చేశారు. 37 డిగ్రీలు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా వాటితో పని చేయించకూడదని అందులో ఉంది. ముళ్లున్న కర్రలతో తోలడాన్నీ ఆ నియమాలు నిషేధించాయి, అంటే ముల్లుగర్ర చట్టానికి విరుద్ధం. పోటీ పొద్దున 6కే మొదలుపెట్టి 10 లోపు ఆపేస్తే సగం గండం తప్పుతుంది. ముఖ్య అతిథి రాలేదని 11 దాకా గిత్తలను ఎండలో నిలబెట్టడం నేను చాలాసార్లు చూశాను. అతిథి వచ్చినప్పుడు వస్తారు, బహుమతులు సాయంత్రం ఇవ్వొచ్చు.

ఎండదెబ్బ గుర్తులు తెలుసుకోండి. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి రొప్పడం, నురగ కారడం, నడకలో తూలడం. ఎద్దు ఒంటి వేడి మామూలుగా 101, 102 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, 106 దాటితే ప్రాణానికి ముప్పే. కాడి దించి నీడకు తీసుకుపోండి, ఒళ్లంతా నీళ్లు పోస్తూనే ఉండండి, దగ్గర్లో ఫ్యాన్ ఉంటే పెట్టండి, తాగినంత తాగనివ్వండి. నోరు పట్టి బలవంతంగా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పశు అంబులెన్సుకు 1962కి ఫోన్ చేయండి.

అనుమతి మాట కూడా చెప్పాలి. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎద్దుల బండి పందేలు ఆ 1960 చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ తమ చట్టాలు సవరించుకున్నాయి, 2023లో ఆ సవరణలను సుప్రీంకోర్టు సమర్థించింది. పక్క రాష్ట్రంలో చేస్తున్నారు కదా అని మనం ధీమాగా ఉండకూడదు. నిర్వాహకులు పోలీసులతో, తహశీల్దారు ఆఫీసుతో, పశువైద్యునితో ముందే మాట్లాడాలి. దాచిపెట్టి జరిపే పందేనికి అంబులెన్స్ రాదు, దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోవడానికి కూడా భయపడతారు. ఆ భయంతో పోయే సమయమే ప్రాణం తీస్తుంది.

బండి పందేలు వేసేవాళ్లకు వేరే జాగ్రత్తలున్నాయి. అమెరికా, ఆస్ట్రేలియా, స్వీడన్ లాంటి దేశాల్లో గుర్రానికి తేలికపాటి రెండు చక్రాల బండి కట్టి పరిగెత్తించే పందేలు పెద్ద ఎత్తున జరుగుతాయి. హార్నెస్ రేసింగ్ అంటారు. వీడియోలు చూస్తే అక్కడి ప్రమాదాలు మన బండ్ల ప్రమాదాలలాగే ఉంటాయి. ఒక బండి చక్రం ఇంకో బండి చక్రానికి తగులుకోవడం, ముందు గుర్రం పడితే వెనకవి వచ్చి దాని మీద పడడం. అందుకే వాళ్లు తోలేవాడికి హెల్మెట్ తప్పనిసరి చేశారు. పక్క గుర్రం కాలు దూరకుండా చక్రాల ఆకులను, అంటే లోపలి చువ్వలను, పళ్లెం లాంటి రేకుతో మూస్తారు. గుర్రం నడక తప్పి దౌడు అందుకుంటే తోలేవాడు దాన్ని పక్కకు తీసి నెమ్మదింపజేయాలి, ఆ దౌడుతో ముందుకు వచ్చి గెలుస్తానంటే కుదరదు. వీటిలో మనకు చేతకానిది ఒక్కటీ లేదు. బైకు హెల్మెట్ ఇంట్లోనే ఉంటుంది. ఆకుల మీద ప్లైవుడ్ చెక్క బిగించడం వడ్రంగికి ఒక పూట పని. రెండు బండ్లను పక్కపక్కన వదలకుండా ఒక్కొక్కటిగా వదిలి టైము చూసి గెలుపు తేల్చితే చక్రాలు తగులుకునే మాటే ఉండదు. ఇక ముందు సాయంత్రం ఇరుసు, చక్రం ఊడకుండా ఇరుసు కొసన పెట్టే కడచీల, కాడికి కట్టే పొడుగు నొగ మూడూ సుత్తితో తట్టి చూడాలి. కడచీల ఊడి చక్రం పోయిన బండిని నేను ఒకసారి చూశాను, తోలేవాడు బతికాడంటే అది వాడి అదృష్టమే.

వీటన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మేది ఒకటుంది. 'ఆపు' అనే హక్కు ఒక్క మనిషికి ఇవ్వాలి. జతల యజమాని కాకూడదు, దాత కాకూడదు, ఊరి పెద్దకు మొహమాటపడేవాడు కాకూడదు. పశువైద్యుడైతే మరీ మంచిది. చేతిలో ఎర్రగుడ్డ, మెడలో విజిల్. అతను విజిల్ వేస్తే గడియారం ఆగాలి, మైకు ఆగాలి, జత ఆగాలి. పోయిన నిమిషాలు తిరిగి ఇస్తామని పోటీకి ముందే అందరికీ చెప్పండి. లేకపోతే గెలుపు మీద ఉన్న జత ఆగదు, ఆగమని వాళ్లను అడగడం కూడా న్యాయం కాదు.

మనిషికి దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేసే మనిషి పేరు ముందే అనుకోండి. పత్తికొండ నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి గంటకు పైనే పడుతుంది కాబట్టి అంబులెన్స్ వచ్చేలోపు మనం చేసేదే ముఖ్యం. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా నొక్కి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడొద్దు. కాఫీ పొడి, పసుపు, మట్టి పెట్టొద్దు. కొమ్ము కడుపులో దిగి పేగు బయటికి వస్తే లోపలికి నెట్టొద్దు, తడి గుడ్డ కప్పి పడుకోబెట్టండి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు. బండ కింద కాలు పడితే ఎద్దులతో బండ లాగించొద్దు. ముందు ఎద్దులను విప్పి, గునపాలతో బండను పైకి లేపి కాలు తీయాలి. బండి మీదనుంచి పడి మెడనో నడుమునో నొప్పి అంటున్నవాణ్ణి చేతులు కాళ్లు పట్టి ఎత్తొద్దు, తల కదలకుండా పట్టుకుని బల్ల మీదికి చేర్చాలి. పేడ, మట్టి తగిలిన గాయం ఎంత చిన్నదైనా ధనుర్వాతం ఇంజెక్షన్ ఆ రోజే వేయించుకోండి.

పోటీ అయ్యాక గిత్తలను వెంటనే వ్యానులోకి ఎక్కించకండి. పావుగంట మెల్లగా నడిపించి, ఊపిరి నిలకడగా వచ్చాక నీళ్లు పెట్టండి. రెండు రోజులు నిద్రలేని డ్రైవరుతో అర్ధరాత్రి బయలుదేరకుండా ఆ రాత్రి అక్కడే ఉండి తెల్లవారి కదలండి. వ్యానులో కింద ఇసుకో గడ్డో పరవండి, జారకుండా. ఇంటికొచ్చాక మెడ మీద కాడి ఒరిసిన చోటు, నాలుగు కాళ్ల కీళ్లు చేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా వేడిగా తగిలినా, మేత ముట్టకుండా నిలబడినా, వచ్చే వారం పోటీకి పేరు ఇచ్చి ఉన్నా సరే, ఆ పేరు తీయించేయండి.