స్పోర్ట్స్ కారుకి బరువు తగ్గించాలా, గాలి అడ్డు తగ్గించాలా?

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు కారు పిచ్చి ఉన్న కుర్రాళ్లు చాలామంది మొదట కొనేది వెనకాల బిగించే స్పాయిలర్. ఆ డబ్బు తీసే ముందు ఒక చిన్న లెక్క చూడండి. బరువు తగ్గించినా లాభమే, గాలి అడ్డు తగ్గించినా లాభమే, కానీ ఆ లాభం కనపడే వేగాలు వేరు.

బరువు ఏ వేగంలోనైనా పట్టి లాగుతుంది. పికప్, బ్రేకు, మలుపు, అన్నిట్లోనూ దాని వాటా ఉంటుంది. గాలి అలా కాదు, వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లవుతుంది, ఆ అడ్డుని తోయడానికి కావాల్సిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ గాలిని తోయడానికే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సుమారు రెండున్నర హార్స్‌పవర్ ఖర్చు పెడుతుంది, 100లో 12, 150లో 40, 200లో 95 దాకా వెళ్తుంది. మన పదహారో నంబరు హైవే లాంటి నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకి గరిష్ఠ పరిమితి 100. అంటే మీరు ఎంతో కష్టపడి గాలి అడ్డుని 10 శాతం తగ్గించినా ఆ వేగంలో మిగిలేది ఒక హార్స్‌పవర్ పైచిలుకు, అంతే. టాప్ స్పీడ్ 180 ఉన్న కారుకి 186 దాకా రావచ్చు, కానీ అంత వేగం రేస్ ట్రాక్ మీద తప్ప ఎక్కడ వాడతారు? దగ్గర్లో ట్రాక్ అంటే చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై దాకా పోవాలి.

అదే 1100 కిలోలు, 110 హార్స్‌పవర్ ఉన్న కారులోంచి 50 కిలోలు తీసేస్తే పికప్‌లో దాదాపు 5 హార్స్‌పవర్ కలిపినట్టే, పైగా బ్రేకులకి, టైర్లకి కూడా పని తగ్గుతుంది.

పేరున్న స్పోర్ట్స్ కార్లలోనూ ఇదే కథ. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్‌కి సుమారు 118 హార్స్‌పవరే, కానీ బరువు 700 కిలోల పైచిలుకు కావడంతో సున్నా నుంచి 100కి ఆరు సెకన్ల దగ్గర్లో చేరేది. ఇక చిట్టచివరి వేగం దగ్గర గాలిదే రాజ్యం. మెక్‌లారెన్ ఎఫ్1 అనే రోడ్డు కారు 627 హార్స్‌పవర్‌తో 1998లో గంటకు 386 కిలోమీటర్లు దాటింది, బుగాటి వేరాన్ 1001 హార్స్‌పవర్‌తో 407 దగ్గర ఆగింది. అదనంగా 370కి పైగా గుర్రాలు కట్టినా దక్కింది సుమారు 20 కిలోమీటర్లు! వేరాన్ ఒళ్లు పెద్దది, అంత ఇంజిన్‌ని చల్లబరచడానికి లోపలికి బోలెడు గాలి పోనివ్వాలి, ఆ రెండిటి భారమూ అందులో ఉంది.

సరే, పనిలోకి వద్దాం. ముందు కారుని తూయించండి. టెక్కలి వైపు గ్రానైట్ లారీలు ఎక్కే కాటాలాంటిది ఏదైనా చాలు, కాకపోతే అది 5, 10 కిలోల తేడాలే చూపిస్తుంది కాబట్టి విప్పిన సామాన్లని ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ మీద విడిగా తూయండి. మొదట డిక్కీ ఖాళీ చేయండి, అక్కడ ఉండే వూఫర్ బాక్సే ఒక బియ్యం బస్తా అంత తూగుతుంది. 40 లీటర్ల పెట్రోలు 30 కిలోలు, ఊళ్లో తిరగడానికి ఫుల్ ట్యాంక్ ఎందుకు? స్టెప్నీ 15 కిలోల దాకా ఉంటుంది గానీ రాత్రిపూట ఇచ్ఛాపురం వైపు వెళ్లేవాళ్లు దాన్ని దించొద్దు.

ఆ తర్వాత చక్రాలు, నా లెక్కలో డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. చక్రం ముందుకీ కదలాలి, తిరగాలి కూడా, అందుకే అంచు దగ్గర తగ్గిన ఒక కిలో బాడీలో తగ్గిన ఒకటిన్నర కిలోల పైనే పనిచేస్తుంది, గుంతల రోడ్డు మీద సస్పెన్షన్ కూడా తేలిగ్గా ఆడుతుంది. కానీ అల్లాయ్ అంటే తేలిక అని గుడ్డిగా నమ్మొద్దు. సైజు పెంచి కొన్న చవక అల్లాయ్‌లు చాలాసార్లు కంపెనీ ఇచ్చిన వాటికంటే బరువుంటాయి. షాపులోనే తూయించి కొనండి.

వెనక సీట్లు, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు మాత్రం ముట్టుకోకండి. కంపెనీ ఇచ్చిన తీరు మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా పేచీ వస్తుంది.

గాలి విషయంలో పైసా ఖర్చు లేనివి చాలు. పైన క్యారియర్ ఉంటే విప్పేయండి, హైవే మీద అద్దాలు ఎక్కించండి, ముందు క్రాష్ గార్డ్ ఉంటే తీసి పక్కన పెట్టండి (2017 చివర్లోనే కేంద్రం వద్దంది, అది బరువు, అడ్డు రెండూనూ). స్పాయిలర్ సంగతికొస్తే, పెద్ద రెక్క ఉండేది కారుని నేలకి నొక్కడానికి, దానికి బదులుగా అది గాలి అడ్డుని పెంచుతుంది. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కే వేగంలో అది నొక్కేదీ ఏమీ ఉండదు.

మార్పు నిజంగా వచ్చిందో లేదో తేల్చుకోవాలంటే తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద 80కి వెళ్లి న్యూట్రల్‌లో వేసి 60కి పడేదాకా టైమ్ చూడండి. ఇంజిన్ ఆపొద్దు, బ్రేకు, స్టీరింగ్ బిగుసుకుంటాయి. వాచీ పక్కన కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రెండు వైపులా నాలుగైదుసార్లు తీసి సగటు కట్టండి. 20 సెకన్ల అటూ ఇటూ వస్తుంది, ఒకటి రెండు సెకన్లు పెరిగితే అడ్డు తగ్గినట్టే. రెండుసార్లూ బరువు, టైర్లలో గాలి ఒకేలా ఉండాలి సుమా, కారు తేలికైతే గాలి దాన్ని ఇంకా త్వరగా ఆపేస్తుంది, అప్పుడు లెక్క తారుమారవుతుంది.