చారిత్రక ఎన్నిక మర్నాడు ఒక నోటుపుస్తకం తెరవండి

2008 నవంబరు 5, బుధవారం, ఉదయం తొమ్మిదిన్నర. షికాగోలో అప్పటికి మంగళవారం రాత్రి పది గంటలు. అమెరికా పశ్చిమ తీరంలో పోలింగు ముగియగానే తొలి నల్లజాతి అధ్యక్షుడిగా బరాక్ ఒబామా గెలిచినట్టు టీవీలు ప్రకటించాయి. నేను పనిచేసే తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ డెస్కుకు ఆ వేళకు ఎవరూ రారు. ఆ రోజు అందరం వచ్చి కూర్చున్నాం. షికాగోలోని గ్రాంట్ పార్కులో, ఒబామా విజయ సభలో, జనం ఏడుస్తున్నారు. అమెరికాలో నల్లజాతివారి ఓటుకు గట్టి రక్షణ ఇచ్చిన చట్టంపై 1965 ఆగస్టు 6న సంతకం పడింది. ఆ నాటికి ఒబామాకు నాలుగేళ్లు నిండి రెండు రోజులు. ఈ లెక్క కట్టుకుని నా కళ్లు కూడా చెమర్చాయి.

అంతలో తమ్ముడు ఫోను చేశాడు. వాడి కొడుకు న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "అక్కా, కొత్త అధ్యక్షుడు వస్తే పిల్లవాడి వీసా సంగతి ఏమవుతుంది?" అన్నాడు. అక్కడ జనం ఆనందబాష్పాలు రాలుస్తుంటే ఇక్కడ ఒక తండ్రికి గుండె దడ. ఈ రెండూ ఒకే వార్త అని నాకు ఆ క్షణంలో తెలిసింది. బల్ల సొరుగులోంచి రూళ్ల నోటుపుస్తకం తీసి, పేజీ మధ్యలో నిలువు గీత గీశాను. ఎడమవైపు ఆశ, కుడివైపు అనుమానం. ఏ దేశంలో అలాంటి ఎన్నిక జరిగినా ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. ఆ పని ఎలా చేయాలో చెబుతాను.

మొదటి నియమం, ఆ రోజే రాయండి. వారం తరువాత రాద్దామనుకుంటే అప్పటికి విశ్లేషకుల మాటలు మన మాటల్లో కలిసిపోతాయి. రెండేళ్లు గడిస్తే, "నాకు ముందే తెలుసు" అనని మనిషి కనిపించరు. అక్షరంగా పెట్టుకున్నదే మన అసలు నమ్మకానికి సాక్ష్యం.

"ప్రపంచమంతా ఆనందించింది" అని మాత్రం రాయకండి. వార్తా ఏజెన్సీ పంపే వార్త మొదట్లో ఊరి పేరు ఉంటుంది, ముందు దాన్ని చూడండి. ఏ ఊరు, ఎవరు, ఎందుకు అని విడివిడిగా రాయండి. కెన్యాలో అధ్యక్షుడు కిబాకీ నవంబరు 6ను సెలవు దినంగా ప్రకటించారు. ఒబామా తండ్రిది ఆ దేశమే కదా, అందుకే సంబరం అనుకుని వదిలేస్తే సగమే చదివినట్టు. 2007 డిసెంబరు ఎన్నికల ఫలితంపై చెలరేగిన హింసలో ఆ దేశంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2008 ఫిబ్రవరి చివర ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మధ్యవర్తిత్వంతో అధికారం పంచుకునే ఒప్పందం కుదిరింది. తెగల పేరిట ఇళ్లు తగలబడిన ఏడాదిలోనే వాళ్లు ఒబామా చేతిలో ఓడిన జాన్ మెకెయిన్‌ను టీవీలో చూశారు. ఆయన వేదికెక్కి గెలిచినవాడిని మనస్ఫూర్తిగా అభినందించారు. కెన్యా గడిలో నేను "తమ వంశపు బిడ్డ" అని ఒక వాక్యం, "ఓటమిని ఒప్పుకునే రాజకీయం తమకూ రావాలి" అని మరో వాక్యం రాశాను. ఒక దేశం మరో దేశపు ఎన్నికలో వెతుక్కునేది ఎక్కువగా తన ఇంటి కొరతనే. కాబట్టి ఆశ రాసే ముందు ఆ ఊళ్లో గడిచిన ఏడాది ఏమి జరిగిందో వెతికి చూడండి.

బెర్లిన్ సంగతి వేరు. 2008 జులై 24న అక్కడి విజయ స్తంభం దగ్గర ఒబామా మాట్లాడితే దాదాపు రెండు లక్షలమంది వచ్చారు. బుష్ కాలపు ఇరాక్ యుద్ధంతో విసిగినవారి ఆశ అది. కానీ అదే ప్రసంగంలో ఆయన అఫ్గానిస్థాన్‌కు జర్మన్ సైనికుల అవసరం కూడా ఉందని చెప్పారు. చప్పట్లు కొట్టినవారు సైనికులను పంపుతారా? ఆశ ఉన్న వరుసలోనే, ఎదుటి గడిలో, ఈ ప్రశ్న రాసుకున్నాను. ఆశకు జంటగా ఉండే అనుమానం చాలాసార్లు అదే ప్రసంగంలో దొరుకుతుంది.

అభిమానాన్ని ఆశగా లెక్కించకండి. జపాన్‌లో ఒబామా అనే పట్టణం ఉంది, ఆ మాటకు చిన్న తీరం అని అర్థం. పేరు కలిసిందని అక్కడివారు పండుగ చేసుకున్నారు. చదవడానికి హాయిగా ఉంటుంది. అయితే ఆ ఊరివారు కొత్త అధ్యక్షుడి నుంచి కోరిన పని ఏదీ లేదు కాబట్టి దానికి గడి అక్కర్లేదు.

అనుమానం గడి నింపేటప్పుడు రెండు రకాలను కలపకండి. మొదటిది ప్రభుత్వాల అనుమానం. ఒబామా గెలిచిన రోజే రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ పోలండ్ పక్కనున్న తమ కలీనిన్‌గ్రాద్‌లో ఇస్కందర్ క్షిపణులు మోహరిస్తామన్నారు. పోలండ్, చెక్ దేశాల్లో అమెరికా తలపెట్టిన క్షిపణి రక్షణ వ్యవస్థకు అది జవాబు. ఢిల్లీలో, ఒబామా కాశ్మీరు మీద ప్రత్యేక దూతను వేస్తారేమోనన్న దిగులు. రెండోది ఇళ్లలోని అనుమానం, మా తమ్ముడిది అలాంటిదే. ఉద్యోగాలను విదేశాలకు పంపే సంస్థలకు పన్ను రాయితీలు తీసేస్తానని ఒబామా ప్రచారంలో చెప్పారు. అమెరికాలో పెద్ద బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. ఈ రెండో రకం ఏజెన్సీ వార్తల్లో రాదు. ఇరుగుపొరుగును, ఫోను చేసేవారిని అడిగి రాసుకోవాలి. ఆ రోజు నేను ఒకరి మాటే రాశాను. పదిమందిని అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

విజయ ప్రసంగాన్ని మొదటినుంచి చివరిదాకా చదవండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. గ్రాంట్ పార్కు ప్రసంగంలో ఒబామా, దారి చాలా పొడవు, ఏడాదిలో గానీ ఒక పదవీకాలంలో గానీ అక్కడికి చేరలేకపోవచ్చు అన్నారు. ఆ భాగాన్ని అనువదించింది నేనే. పేజీలో చోటు చాలక కత్తిరించిందీ నేనే. మర్నాడు మా పాఠకులకు "మనం చేయగలం" అన్న మాట పతాక శీర్షికగా అందింది, గెలిచినవాడే స్వయంగా చెప్పిన సందేహం అందలేదు. ఆ తప్పు నన్ను చాలాకాలం వెంటాడింది. అప్పటినుంచి ప్రసంగంలో క్రియాపదాల కింద గీత గీసుకుంటాను. "చేస్తాను" అన్నవి, "చేయాలి" అన్నవి, "ప్రయత్నిస్తాను" అన్నవి వేరు వేరు రంగుల్లో. "చేస్తాను" అన్నవే గడుల్లోకి రావాలి.

మూడో గడి నాకు రెండేళ్లు ఆలస్యంగా తట్టింది, మీరు మొదటే గీయండి. దాని పేరు "ఎవరి చేతిలో ఉంది". ఉగ్రవాద అనుమానితులను అమెరికా బంధించి ఉంచిన, క్యూబాలోని గ్వాంటనామో చెర మూత నా ఆశల గడిలో మొదటి పంక్తి. 2009 జనవరి 22న, అంటే పదవిలోకి వచ్చిన మూడో రోజున, ఏడాదిలోగా దాన్ని మూసేయాలని ఒబామా ఉత్తర్వు ఇచ్చారు. 2010 జనవరి 22ను ఎర్ర సిరాతో రాసిపెట్టుకున్నాను. ఆ రోజు వచ్చింది, పోయింది. బందీలను అమెరికా గడ్డమీదికి తేవడానికి డబ్బు ఇవ్వబోమని కాంగ్రెస్ అడ్డుపడింది. సంతకం అధ్యక్షుడిది, ఖజానా తాళం కాంగ్రెస్‌ది. ఈ మూడో గడి ఉండి ఉంటే నా ఆశ చావకపోయినా తేదీ మాత్రం మారేది.

ఈ గడి ఎంత పనికొస్తుందో 2024 సెప్టెంబరులో శ్రీలంక ఎన్నికప్పుడు చూశాను. అనుర కుమార దిసానాయకే అధ్యక్షుడిగా గెలిచినప్పుడు 225 మంది సభ్యుల పార్లమెంటులో ఆయన కూటమికి ఉన్నవి మూడు సీట్లు. అందుకే వాగ్దానాలన్నిటి ఎదురుగా "పార్లమెంటు" అని రాసి, నవంబరు ఎన్నికదాకా పుస్తకం మూసి ఉంచాను. అప్పుడు 159 సీట్లు వచ్చాయి, గడులన్నీ మళ్లీ రాశాను.

నాలుగో గడి తేదీ. వంద రోజుల లెక్క పత్రికలకు సౌకర్యం, దానిమీద ఆధారపడకండి. ఆ పని జరగాలంటే ఏ బడ్జెట్టు, ఏ ఒప్పందం, ఏ ఎన్నిక దాటాలో చూసి తేదీ వేయండి. తేదీ వచ్చినప్పుడు టిక్కు, ఇంటూ పెట్టకుండా జరిగినదాన్ని ఒక వాక్యంలో రాయండి. ఉదాహరణకు నావి:

కాశ్మీరు: 2009 జనవరి 22న దౌత్యవేత్త హోల్‌బ్రూక్‌ను అఫ్గానిస్థాన్, పాకిస్తాన్‌లకు దూతగా వేశారు, ఆ హోదాలో భారత్ పేరు లేదు.

రష్యా: 2009 సెప్టెంబరు 17న పోలండ్, చెక్ ప్రణాళికను ఒబామా విరమించారు.

శాంతి: 2009 డిసెంబరు 1న అఫ్గానిస్థాన్‌కు మరో 30,000 మంది సైనికులను ప్రకటించారు, తొమ్మిది రోజుల తరువాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. దీన్ని ఆశ గడిలోనూ అనుమానం గడిలోనూ రాయాల్సి వచ్చింది.

కెన్యా: అధ్యక్షుడిగా తండ్రి దేశంలో అడుగుపెట్టింది 2015 జులైలో.

గ్వాంటనామో: ఆయన వచ్చినప్పుడు బందీలు 242 మంది, దిగిపోయినప్పుడు 41 మంది.

గడుల్లో ఇమడనివి వస్తాయి, వాటికోసం పేజీ అడుగున నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. మా తమ్ముడి ప్రశ్నకు ఎదురుగా నేను రెండు జవాబులు రాశాను. 2009 ఫిబ్రవరిలో, ప్రభుత్వ సాయం తీసుకున్న బ్యాంకులు హెచ్‌1బీ వీసాలవారిని నియమించుకోవడంపై ఆంక్షలు వచ్చాయి. 2010 ఆగస్టులో, ఉద్యోగుల్లో సగానికి పైగా ఇలాంటి వీసాలవారే ఉన్న సంస్థలకు ఒక్కో హెచ్‌1బీ దరఖాస్తుకు 2,000 డాలర్ల అదనపు రుసుము పడింది. వాడి భయం ఉత్తది కాదు. పిల్లవాడి ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆ తరువాత పెళ్లయింది. కోడలు ఇంజినీరింగ్ చదివింది, ఇక్కడ మూడేళ్లు ఉద్యోగం చేసింది. అక్కడ భర్త మీద ఆధారపడిన వీసా కాబట్టి పని చేయడానికి అనుమతి లేదు. "అత్తయ్యా, పగలంతా కిటికీలోంచి మంచు చూస్తున్నాను" అని ఒకసారి ఫోనులో చెప్పింది. 2015 మే 26న నిబంధన మారింది. గ్రీన్‌కార్డు వినతికి ఆమోదం వచ్చి వరుసలో ఎదురుచూస్తున్నవారి భార్యాభర్తలు పనికి అనుమతి కోరవచ్చన్నారు. 2008 నవంబరు 5న మా ఇంట్లో ఎవరూ దీన్ని ఆశించలేదు, అనుమానించలేదు. అడుగున ఉన్న ఖాళీలో తేదీ వేసి, కోడలు దరఖాస్తు పెట్టిందని రాశాను.