గోడలోకి వెళ్లే లాన్ కేబుల్: అసలు కాపర్ అని తేల్చుకోవడం ఎలా

ఇంటీరియర్స్ చేయించేటప్పుడు టైల్స్ కోసం, కిచెన్ లామినేట్ కోసం షాపుల చుట్టూ తెగ తిరుగుతాం. గోడలోకి వెళ్లే లాన్ కేబుల్ మాత్రం ఎలక్ట్రీషియన్ ఏది తెస్తే అదే. ఫాల్స్ సీలింగ్ మూసేసి, పెయింట్ కూడా అయ్యాక వైరులో తేడా ఉందని తెలిస్తే అప్పుడు మొదలవుతుంది టెన్షన్. పైపులో వేశారు కదా, పాతది లాగి కొత్తది ఎక్కించొచ్చు అంటారు గానీ, ఆ పైపు ఎన్ని వంపులు తిరిగిందో చూస్తే ఆ ఆశ కూడా ఉండదు. అందుకే కొనేముందే కాస్త టైమ్ పెట్టండి.

ముందు ఏ క్యాటగిరీ కావాలో తేల్చేద్దాం, అది చిన్న విషయమే. క్యాట్ అంటే క్యాటగిరీ, పక్కన ఉండే అంకె కేబుల్ స్థాయిని చెబుతుంది. ఇంటికి క్యాట్ 6 చాలు. పాత ఇంట్లో మంచి క్యాట్ 5ఈ ఉంటే పీకేయాల్సిన పని కూడా లేదు, అది వంద మీటర్ల దాకా ఒక గిగాబిట్ (సెకనుకు వెయ్యి మెగాబిట్ల) వేగం మోస్తుంది, 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణం పుణ్యమా అని అదే వైరు మీద 2.5 గిగాబిట్ కూడా నడుస్తుంది. కొత్తగా వేసేవాళ్లు క్యాట్ 6 వేసుకోండి. దాని మీద 10 గిగాబిట్ కూడా 55 మీటర్ల వరకు వెళ్తుంది, త్రీ బీహెచ్‌కేలో ఏ మూల నుంచి ఏ మూలకు లాగినా అంత పొడవు రాదు. క్యాట్ 6ఏ అయితే 10 గిగాబిట్‌కి పూర్తి వంద మీటర్లు వస్తుంది, కానీ వైరు లావు, వంచడం కష్టం, ఇరుకు పైపులో రెండు లైన్లు పట్టించడానికి ఎలక్ట్రీషియన్‌కి చుక్కలు కనిపిస్తాయి.

ఇక క్యాట్ 7, క్యాట్ 8 అంటూ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాటి జోలికి పోకండి. క్యాట్ 7ను అమెరికా ప్రమాణాల సంస్థ టీఐఏ అసలు గుర్తించనే లేదు. అంతర్జాతీయ సంస్థ ఐఎస్‌ఓ ప్రమాణంలో క్యాట్ 7 ఉంది గానీ దానికి జీజీ45, టెరా అని వేరే కనెక్టర్లు. మామూలు లాన్ ప్లగ్, అంటే ఆర్‌జే45 బిగించి పైన క్యాట్ 7 అని రాశాడంటే ఆ నంబరు మన కళ్లకు గంతలు కట్టడానికే అనుకోండి. క్యాట్ 8 నిజంగానే ఉంది, కాకపోతే అది డేటా సెంటర్లలో 30 మీటర్ల లోపు దూరాల కోసం చేసింది. హాల్లో టీవీకి ఎందుకు?

అసలు మోసం జరిగేది లోహం దగ్గర. క్యాట్ 6 అని రాసి ఉన్న చాలా చవక కేబుళ్లలో ఉండేది సీసీఏ, అంటే లోపల అల్యూమినియం తీగ, పైన పల్చటి రాగి పూత. టీఐఏ 568 గానీ ఐఎస్‌ఓ 11801 గానీ అల్యూమినియాన్ని ఒప్పుకోవు, తీగ రాగిదే అయ్యుండాలి. కాబట్టి సీసీఏ క్యాట్ 6 అనేదే అబద్ధం. 'మా ఇంట్లో అదే వేశాం, బానే పనిచేస్తోంది' అనేవాళ్లు ఉంటారు, పది పదిహేను మీటర్లలో గిగాబిట్ లింక్ వచ్చేస్తుంది కూడా. చిక్కు వచ్చేది పీఓఈ దగ్గర, అంటే అదే కేబుల్‌లోంచి కెమెరాకో, సీలింగ్ మీది వైఫై యాక్సెస్ పాయింట్‌కో కరెంటు పంపేటప్పుడు. సీసీఏ రెసిస్టెన్స్ రాగి కంటే యాభై అరవై శాతం ఎక్కువ, వోల్టేజీ దారిలోనే పడిపోతుంది, వైరు వేడెక్కుతుంది. పగలంతా బుద్ధిగా ఉన్న కెమెరా చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే రీస్టార్ట్ అవుతోందంటే, కెమెరా మార్చేముందు ఒకసారి కేబుల్‌ని అనుమానించండి. పైగా అల్యూమినియం పెళుసు, ఐఓలో (గోడకు పెట్టే లాన్ సాకెట్‌లో) పంచ్ చేసేటప్పుడు, అంటే తీగను నొక్కి బిగించేటప్పుడు సగం తెగి, ఆర్నెల్లకో ఏడాదికో పూర్తిగా తెగుతుంది.

షాపులో మొదటి పరీక్ష ధరే. 305 మీటర్ల బాక్సులోని కేబుల్‌లో రెండేసి మెలేసిన నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి, 23 ఏడబ్ల్యూజీ (ఏడబ్ల్యూజీ అంటే తీగ గేజ్, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం) తీగ మందం 0.57 మిల్లీమీటర్లు. లెక్క కడితే ఒక్కో బాక్సులో ఐదున్నర కిలోల పైనే రాగి ఉండాలి. కిలో ఎనిమిది వందలే వేసుకున్నా రాగి ఒక్కటే నాలుగు వేల నాలుగొందలు, దాని మీద ప్లాస్టిక్కు, తయారీ, రవాణా, జీఎస్టీ, షాపువాడి లాభం. అలాంటప్పుడు రెండున్నర వేలకు 'ఫుల్ కాపర్' బాక్సు ఎలా వస్తుంది? రెండో పరీక్ష బరువు. సీసీఏ అయితే తీగల బరువు రెండు కిలోల పైచిలుకే, బాక్సు చేత్తో ఎత్తితేనే తేలిగ్గా ఉందని తెలిసిపోతుంది. కంపెనీ డేటాషీట్‌లో కిలోమీటరుకు ఇంత బరువు అని ఇస్తారు, షాపులో కాటా ఉంటే పోల్చి చూడండి.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ అయినా, కోఠి గుజరాతీ గల్లీ అయినా, మీ ఊళ్లో కంప్యూటర్ షాపయినా అడగాల్సింది ఒకటే: "అన్నా, బిల్లు మీద బేర్ కాపర్, 23 ఏడబ్ల్యూజీ అని రాసివ్వు." బేర్ కాపర్ అంటే పూత లేని పూర్తి రాగి తీగ. వెంటనే రాసిస్తే సరే. "రాయడానికేముంది సార్, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు" అని నసిగితే ఇంకో షాపు చూసుకోండి. ఫినోలెక్స్, పాలీక్యాబ్, డీ లింక్, మోలెక్స్, కామ్‌స్కోప్ లాంటి పేర్లు తెలిసినవే గానీ, పేరు చూసి వదిలేయకండి. తెలిసిన బ్రాండుకే నకిలీ బాక్సులు పుడతాయి, అందుకే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న అధీకృత డీలర్ దగ్గరే కొనండి.

తర్వాత కేబుల్ తొడుగు మీది అచ్చు చదవండి. క్యాటగిరీ, తీగ గేజ్, యూ/యూటీపీ (లోపల రేకు కవచం లేనిది) లాంటి రకం, టీఐఏ 568.2 లేదా ఐఎస్‌ఓ 11801, మీటరు మీటరుకీ పెరిగే అంకె ఉండాలి. అమెరికా భద్రతా పరీక్షల సంస్థ యూఎల్ ముద్ర ఉంటే దాని పక్కన 'ఈ' అక్షరంతో మొదలయ్యే ఫైల్ నంబరు ఉంటుంది, యూఎల్ వాళ్ల ప్రోడక్ట్ ఐక్యూ సైట్‌లో ఉచితంగా రిజిస్టర్ అయి ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో వచ్చేస్తుంది. వేరే కంపెనీ పేరు వచ్చిందంటే ఆపేయండి. అచ్చు ఎవడైనా కొట్టించుకోవచ్చు కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్మడానికి లేదు.

అందుకే జానెడు ముక్క కోయించి, ఒక తీగ తొడుగు తీసి బ్లేడుతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది, సీసీఏ అయితే నాలుగు గీకులకే తెల్లగా బయటపడుతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, తగరం పూసిన రాగి దీనికి తిరగబడి ఉంటుంది, పైన తెల్లగా, లోపల ఎర్రగా, అది మంచిదే. అదే తీగని అటూ ఇటూ నాలుగైదు సార్లు మడిస్తే సీసీఏ పుటుక్కున విరుగుతుంది. అయస్కాంతం కూడా పెట్టి చూడండి, అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే.

లైన్లు లాగేశాక, సీలింగ్ మూయకముందు మల్టీమీటర్ తీయండి. ఒక చివర నీలం, తెలుపు-నీలం తీగలు రెండూ కలిపి మెలేయండి, రెండో చివర ఆ రెండింటి మధ్య ఓంలు కొలవండి, మల్టీమీటర్ వైర్ల సొంత రెసిస్టెన్స్ అందులోంచి తీసేయండి. పొడవు కోసం టేపు అక్కర్లేదు, రెండు చివర్లా తొడుగు మీదున్న మీటరు అంకెల తేడా చూస్తే చాలు. 20 మీటర్ల లైనుకి 23 ఏడబ్ల్యూజీ రాగి దాదాపు 2.7 ఓంలు, 24 అయితే 3.4 చూపిస్తుంది. ప్రమాణం ఒప్పుకునే హద్దు 3.75. నాలుగు దాటిందంటే అది సీసీఏ అయినా అయ్యుండాలి, సన్నతీగ అయినా అయ్యుండాలి, ఏదైనా వాపసు ఇచ్చేయాల్సిందే. ఎలక్ట్రీషియన్ దగ్గరుండే లైట్లు వెలిగే చిన్న టెస్టర్ తీగలు కలిశాయా లేదా అన్నదే చెబుతుంది, సీసీఏకి కూడా ఎనిమిది లైట్లూ వెలుగుతాయి.

గోడలో మాత్రం సాలిడ్ (ఒంటి తీగ) కేబులే వేయించండి, గోడ నుంచి టీవీకో ల్యాప్‌టాప్‌కో పెట్టే ప్యాచ్ కార్డ్ (చిన్న లాన్ వైరు) స్ట్రాండెడ్, అంటే సన్న పోగులు కలిపిన తీగలది అయినా పర్లేదు. చాపలా పల్చగా ఉండే ఫ్లాట్ కేబుల్ తాత్కాలికానికి సరే, గోడలోకి వద్దు. కరెంటు వైర్లున్న పైపులో లాన్ కేబుల్ దూర్చనివ్వకండి, ఎంత చెప్పినా ఎలక్ట్రీషియన్ పైపు ఖాళీగా ఉందంటూ దూరుస్తాడు కాబట్టి ఆ రోజు దగ్గరుండండి. ఐఓలో పంచ్ చేసేటప్పుడు జతల మెలిక అరంగుళం మించి విప్పకూడదు.

ఆఖర్న లాప్‌టాప్ పెట్టి లింక్ స్పీడ్ చూడండి. వెయ్యి ఎంబీపీఎస్ చూపించాల్సిన చోట వంద చూపిస్తున్నా, స్పీడ్ టెస్ట్ 94, 95 దగ్గర మొండికేస్తున్నా నాలుగు జతల్లో ఏదో ఒకటి సరిగా కూర్చోలేదు, ఎక్కువసార్లు తప్పు ఐఓలోనే ఉంటుంది, మళ్లీ పంచ్ చేస్తే సరిపోతుంది. అన్ని పాయింట్లూ ఇలా చూశాకే ఎలక్ట్రీషియన్‌కి మిగతా డబ్బులివ్వండి, మిగిలిన కేబుల్ ముక్క, బాక్సు, బిల్లు మాత్రం పారేయకండి.