రోడ్డు పక్కన ఇల్లయితే ముందు పడకగది సంగతి చూడండి

రోడ్డు పక్కన ఉండేవాళ్లని అడిగితే "అలవాటైపోయిందండీ, ఆ రొద మాకిప్పుడు వినపడనే వినపడదు" అంటారు. వినపడకపోవచ్చు. కానీ నిద్రలో లారీ వెళ్లినప్పుడల్లా మెలకువ రాకపోయినా గుండె వేగం పెరుగుతుంది, గాఢనిద్ర పలచబడుతుంది, ఇలా ఏళ్ల తరబడి సాగితే బీపీ మీదా స్ట్రెస్ హార్మోన్ల మీదా దెబ్బ పడుతుంది. మెదడులో పేరుకునే వ్యర్థాలు, అల్జీమర్స్‌తో (జ్ఞాపకశక్తిని క్రమంగా దెబ్బతీసే జబ్బు) ముడిపడిన అమైలాయిడ్ అనే ప్రోటీన్‌తో సహా, బయటికి పోవడానికి గాఢనిద్ర సాయపడుతుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. అందుకే నాకు పగటి మోత కంటే రాత్రి మోత గురించే ఎక్కువ టెన్షన్.

డెన్మార్క్‌లో 60 దాటిన దాదాపు 20 లక్షల మంది వివరాలు చూసి 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వేశారు. ఇంటి దగ్గర వాహనాల శబ్దం 40 డెసిబెల్స్ లోపు ఉన్నవాళ్లతో పోలిస్తే, 55 దాకా ఉన్నవాళ్లలో అల్జీమర్స్ ముప్పు 27 శాతం వరకు ఎక్కువగా కనిపించింది. అంటే వందలో 27 మందికి వస్తుందని కాదు, ఉన్న ముప్పు ఆ మేరకు పెరుగుతుందని. శబ్దమే కారణమని ఇలాంటి అధ్యయనం ఒక్కటే తేల్చలేదు, అయినా మోత తగ్గించుకోవడం నిద్రకీ గుండెకీ ఎలాగూ మేలే కాబట్టి ఆగాల్సిన పని లేదు.

ముందు కొలవండి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, రాత్రి కిటికీలు మూసి, దిండు దగ్గర పెట్టి చూడండి, తర్వాత మిగతా గదుల్లోనూ అలాగే. ఫోన్ చూపే అంకెని పూర్తిగా నమ్మలేం, కానీ ఏ గది ఎంత నయమో తెలిసిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో రోడ్డు శబ్దం రాత్రిపూట సగటున 45 డెసిబెల్స్ దాటకూడదని చెప్పింది, అది ఇంటి బయట కొలిచే లెక్క.

వీలుంటే మంచాన్ని రోడ్డుకి అవతలి వైపు గదిలోకి మార్చండి. పైసా ఖర్చు లేని పని, చాలా ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ నిశ్శబ్దపు గది వాళ్లకే ఇవ్వండి.

తర్వాత కిటికీ సందులు. ఒక కాగితం ముక్కని రెక్కకీ ఫ్రేముకీ మధ్య పెట్టి కిటికీ మూసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే. చుట్టూ ఇలా నాలుగైదు చోట్ల చూసి, వదులుగా ఉన్నచోట రబ్బరు బీడింగ్ అంటించండి, ఫ్రేముకీ గోడకీ మధ్య పగుళ్లుంటే సిలికాన్ పూయండి, తలుపు కింద సందుకి కూడా సీల్ పెట్టండి. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు: కిటికీ వైశాల్యంలో నూరో వంతు తెరుచుకుని ఉన్నా, అద్దం ఎంత మందంగా ఉన్నా తగ్గేది 20 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. గాలి కోసం రోడ్డు వైపుది మూసి అవతలి వైపు కిటికీ తెరవండి.

అదీ చాలకపోతే ఉన్న కిటికీకి లోపలి వైపు, కనీసం 10 సెంటీమీటర్ల ఎడంతో ఇంకో అద్దం బిగించుకోవచ్చు, లామినేటెడ్ అద్దమైతే (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించినది) మేలు. మామూలు డబుల్ గ్లేజింగ్‌లో రెండు అద్దాల మధ్య ఎడం చాలా తక్కువ, లారీల బరువైన గుర్రుమనే శబ్దానికి అది అంతగా పనిచేయదు.

గోడకి ఫోమ్, గుడ్ల అట్టలు అంటించడం మాత్రం దండగ, అవి గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయంతే, బయటి మోతని ఆపవు. మందపాటి కర్టెన్లూ అంతే, ఒక వరుస చెట్లు కూడా రోడ్డు మోతని పెద్దగా తగ్గించవు.

ఇయర్ ప్లగ్స్ వాడేట్టయితే ఫోమువి వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి వెనక్కి లాగి పట్టుకుని లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో ఆపండి. చెవిలో నొప్పి, చీము ఉంటే పెట్టుకోవద్దు.

బీపీ, వినికిడి పరీక్షలు కూడా చేయించుకోండి. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ముప్పు పెంచేవిగా లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన 14 అంశాల్లో అధిక బీపీ, వినికిడి లోపం రెండూ ఉన్నాయి, రెండింటికీ చికిత్స ఉంది.

ఇల్లు మారే ఆలోచన ఉంటే, కొత్త ఇంటిని ఒకసారి రాత్రి పదకొండు దాటాక వెళ్లి చూడండి, పడకగది కిటికీలు మూసి పది నిమిషాలు కూర్చున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.