ఐకిడో నేర్చుకున్నారు సరే, రోడ్డు మీద గొడవలో పనికొస్తుందా? ఇలా పరీక్షించి చూసుకోండి

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర బండికి బండి రాసుకుంది అనుకోండి. అవతలివాడు దిగొచ్చి ఎడమ చేత్తో మీ కాలర్ పట్టుకున్నాడు, కుడి చేతిలో హెల్మెట్ ఉంది. మీరు టెక్నిక్ పూర్తి చేసేదాకా వాడు ఆగడు కదా, కాలర్ లాగుతూనే హెల్మెట్‌తో కొడతాడు, వెనక కూర్చున్న వాడి ఫ్రెండ్ కూడా దిగుతాడు. ఐకిడో అనే ఈ జపాన్ యుద్ధవిద్య నిజమైన గొడవలో పనిచేస్తుందా అని అడిగేవాళ్లకి నేను ముందు ఈ సీన్ చెప్తాను. ఆ తర్వాత ఒకటే అడుగుతాను: మీరు నేర్చుకున్నది, పడటానికి ఒప్పుకోని మనిషి మీద ఒక్కసారైనా చేసి చూశారా?

నేను ఐదేళ్లు చేశాక గానీ చూడలేదు. పాతబస్తీలో తాలీంకి, అంటే కుస్తీ నేర్పే చోటుకి, వెళ్లే స్నేహితుడు ఒకరోజు తీసుకెళ్తే, అక్కడ మట్టిలో ఇరవై ఏళ్ల కుర్రాడు నాతో పట్టుకి దిగాడు. నేను కోటెగాయెషి వేద్దామని చూశాను, అంటే మణికట్టు బయటికి మెలిపెట్టి పడేయడం, మా క్లాసులో దానికి పడనివాళ్లు లేరు. ఆ అబ్బాయి పెద్దగా ఏమీ చెయ్యలేదు, మోచేతిని తన డొక్కకి ఆనించుకున్నాడు, అంతే. చెయ్యి ఒంటికి దూరంగా ఉంటేనే ఆ మెలిక పడుతుంది, క్లాసులో అవతలివాళ్లు ఎప్పుడూ చెయ్యి చాచి ఇచ్చేవాళ్లు కాబట్టి ఐదేళ్లలో నాకు ఈ సంగతి తెలియనేలేదు. పైగా చెమట. పట్టు జారింది, మరుక్షణం నా కాలు వాడి చేతిలో ఉంది. ఆ సాయంత్రం ఆరుసార్లు పడ్డాను, ఒక్కసారి కూడా దెబ్బ తగల్లేదు. ఉస్తాద్ అది గమనించి, "పడుడు మాత్రం మంచిగ నేర్చినవ్ బేటా" అన్నాడు.

కాబట్టి ముందు ఆ పడటం గురించే చెప్తాను, ఎందుకంటే ఐకిడోలో అందరికీ, అన్ని వయసులవాళ్లకీ పనికొచ్చేది అదే. దాన్ని ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకి తగలకుండా చూసుకోవడం, అరచేయి నేలకి పొడవకుండా ఉండటం, భుజం మీదుగా ఏటవాలుగా దొర్లడం. వానాకాలం మన రోడ్ల మీద బండి స్కిడ్ అయినప్పుడు చాలామంది చెయ్యి చాచి మణికట్టు విరగ్గొట్టుకుంటారు. తార్నాక దగ్గర నా బండి జారినప్పుడు హెల్మెట్‌తో పాటు నన్ను కాపాడింది ఈ అలవాటే, మోచేయి గీరుకోవడంతో పోయింది. వారానికి రెండుసార్లు మ్యాట్ మీద పడండి, కొన్నాళ్లకి పార్కులో గడ్డి మీద పడండి.

ఇక మిగతా టెక్నిక్‌ల సంగతి. 1882లో జిగోరో కానో జూడో మొదలుపెట్టినప్పుడు, జుజుత్సు అనే పాత జపాన్ కుస్తీ విద్యలోని ప్రమాదకరమైన దెబ్బల్ని రాండోరి నుంచి, అంటే ఇద్దరూ నిజంగా పోటీపడే ప్రాక్టీసు నుంచి, తీసేశాడు. ప్రమాదకరమైనవి తీసేస్తే విద్య బలహీనపడాలి కదా? అలా జరగలేదు. మిగిలినవాటిని పూర్తి బలంతో, ఎదురు తిరిగే మనిషి మీద, రోజూ చెయ్యడం కుదిరింది, విద్య పదునెక్కింది. ఐకిడో స్థాపించిన మోరిహే ఉయెషిబా పోటీలు వద్దన్నాడు. కొట్టడానికి వచ్చినవాడికి కూడా గాయం కాకుండా గొడవ ఆపాలన్నది ఆయన ఆలోచన, నాకు ఈ విద్య మీద ప్రేమ కలిగింది అందుకే. కానీ నేను చూసిన చాలా క్లాసుల్లో పోటీతో పాటు ఎదురు తిరగడాన్నీ వదిలేశారు. నష్టం అక్కడ జరిగింది. కానో, ఉయెషిబా ఇద్దరి దగ్గరా నేర్చుకున్న కెంజి తొమికి ఐకిడోలోకి రాండోరి తెచ్చాడు, ఒకరు మెత్తటి కత్తితో నిజంగానే పొడవాలని చూస్తారు, రెండోవాళ్లు తప్పించుకోవాలి. మీరు కాపీ కొట్టాల్సింది ఆయన్ని. సంప్రదాయ విద్యలన్నీ దండగ అని కూడా అనుకోకండి, కరాటే ఇంట్లో పెరిగిన ల్యోటో మచీదా 2009లో యూఎఫ్‌సీలో, అంటే అన్ని రకాల ఫైటింగ్ కలిసిన పోటీల్లో, లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆయన కరాటేని ఎదురు తిరిగేవాళ్ల మీద చేసి చేసి అక్కడిదాకా వచ్చాడు.

మొదట చెప్పిన కాలర్ సీన్‌ని మీరే పరీక్షించుకోవడానికి నమ్మకమైన పార్ట్‌నర్ ఒకరు, మ్యాట్లు, ఇద్దరికీ మౌత్‌గార్డ్‌లు, కొట్టేవాళ్లకి బాక్సింగ్ గ్లవ్స్ ఉంటే చాలు. పార్ట్‌నర్ ఒక చేత్తో కాలర్ పట్టుకుని లాగుతూ, రెండో చేత్తో తల మీద కొట్టాలి. మొదట్లో మీరు మెలికల జోలికి అస్సలు పోకండి. రెండు చేతులూ తలకి అడ్డం పెట్టి, లాగే వైపే ఒక అడుగు వేసి, పక్కకి వచ్చి, వాడి మోచేతిని దాటి, తోసేసి, నాలుగడుగులు దూరం జరగండి. బయటపడితే గెలిచినట్టే, వాడు పడ్డాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. మొదటి వారం పావు బలంతో చెయ్యమనండి, తర్వాత సగం, తర్వాత పూర్తిగా. ఆ తర్వాత మెలికలు కూడా కలిపి చూస్తే మీకు ఒకటి తెలుస్తుంది: మణికట్టు మెలికలు జారిపోతాయి గానీ, దారి నుంచి తప్పుకుని లోపలికి వెళ్లే ఇరిమి అడుగు, మోచేతిని భుజంతో సహా నొక్కే ఇక్క్యో చాలా వరకు నిలబడతాయి. టెన్షన్‌లో చేతులు వణుకుతుంటే వేళ్లతో చేసే సున్నితమైన పని కుదరదు, ఒళ్లంతా కదిలి చేసే పనే కుదురుతుంది. దెబ్బ ముఖం మీదికి రావడం అలవాటవ్వాలంటే ఆర్నెల్లు బాక్సింగో, కుస్తీయో, జూడోనో పక్కన చెయ్యండి, దానికి ఇంకో దారి నాకు కనిపించలేదు.

క్లాసు వెతుక్కునేవాళ్లు ఒకరోజు ఊరికే కూర్చుని చూడండి. పడేవాళ్లు ముట్టుకోకముందే ఎగిరి పడుతుంటే వదిలేయండి. "గట్టిగా పట్టుకోవచ్చా సార్" అని అడగండి, మంచి మాస్టారు సంతోషంగా చెయ్యి ఇస్తారు. ఒక్కరోజు వర్క్‌షాప్ పెట్టి, కత్తి లాక్కోవడం నేర్పేశామని ఆడపిల్లలకి చెప్పి పంపడం నేను కళ్లారా చూశాను, ఆ ధైర్యంతో వాళ్లలో ఒక అమ్మాయి ఎవరికో ఎదురెళ్తే ఏమవుతుందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి: భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తున్నాయి, కానీ కాపాడుకోవడానికి అవసరమైనంత వరకే. కింద పడ్డవాణ్ని తన్నితే అది ఆత్మరక్షణ కిందికి రాదు.

కత్తి గురించి నా మాట నమ్మక్కర్లేదు, ఈ పరీక్ష చెయ్యండి. పాత తెల్ల టీషర్ట్ వేసుకుని, కళ్లకి అద్దాలు పెట్టుకుని, పార్ట్‌నర్ చేతికి ఎర్ర మార్కర్ ఇచ్చి, ముప్పై సెకన్లు ఇష్టమొచ్చినట్టు పొడవమనండి. తర్వాత అద్దం ముందు నిలబడి మెడ, పొట్ట, చేతుల లోపలి వైపు ఎన్ని గీతలు పడ్డాయో లెక్కపెట్టండి. రెండో రౌండ్‌లో కత్తి పట్టుకోవాలని చూడకుండా, మధ్యలో కుర్చీ అడ్డం పెట్టి తలుపు దాకా పరిగెత్తండి, మళ్లీ లెక్కపెట్టండి. ఎవరైనా కత్తి చూపించి ఫోనో పర్సో అడిగితే ఇచ్చేసి, జనం ఉన్న వైపు పరిగెత్తి, 112కి ఫోన్ చేయించండి.