ఇల్లు ఖాళీ చేసేముందు: సాయం అవసరమైన వాళ్లకు జాగ్రత్తలు

వరదో తుఫానో వస్తోందని తెలిస్తే చివరి హెచ్చరిక దాకా ఆగకండి. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లను బండి ఎక్కించడానికి ఎక్కువ సమయం పడుతుంది.

– మందులు కనీసం 7 రోజులకు సరిపడా, డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. ఇన్సులిన్‌ను నేరుగా ఐసు మీద పెట్టొద్దు, గడ్డకడితే ఇక పనికిరాదు. బట్టలో చుట్టి పెట్టండి.
– ఆక్సిజన్ మిషన్ కరెంటుతో నడిచేదైతే, నిండు సిలిండర్ ఉందో లేదో ఈరోజే చూడండి.
– బ్యాటరీ వీల్‌చెయిర్ ఫుల్ చార్జింగ్. వినికిడి మిషన్‌కు అదనపు సెల్స్.

షెల్టర్‌కు ముందే ఫోన్ చేయండి. ర్యాంప్ ఉందా అని అడిగితే చాలదు. బాత్రూమ్ తలుపులోంచి వీల్‌చెయిర్ పడుతుందా, మంచం పక్కన ప్లగ్ ఉందా అనీ అడగండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

ఎత్తేముందు ఎక్కడ పట్టుకోవాలో ఆ మనిషినే అడగండి, నొప్పి ఎక్కడో వాళ్లకే తెలుసు. చూపులేని వాళ్లను చెయ్యి పట్టి లాగకండి. మీ మోచెయ్యి అందించి ఒక అడుగు ముందు నడవండి, మెట్టు రాగానే చెప్పండి.

గోలకు బెదిరిపోయే పిల్లలుంటే, రోజూ కప్పుకునే దుప్పటి సంచిలో పైనే పెట్టండి.